రెండు దారుల నడుమ

రైలు ఆట పిల్లలదే అయినా, పట్టాల అమరిక మాత్రం పెద్దల ఆలోచనకు తగిన విషయమే. మా కృష్ణానగర్‌లో సినిమా సెట్లు కట్టే వడ్రంగులు ఎందరో ఉన్నారు. వారిలో ఒక పెద్దాయన ఇచ్చిన ప్లైవుడ్ పలక మీద నేనూ మా అబ్బాయీ వేసవి సెలవులలో చిన్న రైలుమార్గం వేశాము. బండి అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు.

ఒకే వలయం వేస్తే బండి తిరిగిన చోటనే తిరుగుతుంది. పక్కపక్కన రెండు వేసి ఊరుకుంటే ఒక దారి బండి రెండవ దారిని ఎన్నటికీ చేరదు. చేర్చేది క్రాసోవర్. దానికి రెండు కొసలా రెండు పాయింట్లు ఉంటాయి. మలుపు మరీ కురచైతే పెట్టెలు పట్టా తప్పుతాయి. సాగదీస్తే పలక చాలదు. అన్నిటికంటె ముఖ్యం, రెండు పాయింట్లూ కలిసి కదలాలి. సిగ్నల్ వాటికి అనుగుణంగా ఉండాలి. 1957లో సికింద్రాబాదులో ఏర్పడిన ఇరిసెట్ సంస్థ రైల్వే సిగ్నల్ సిబ్బందికి బోధించేది ఈ శాస్త్రమే.

2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్‌లో క్రాసోవర్ లూప్ లైనుకు మళ్లి ఉండగా, సిగ్నల్ ప్రధానమార్గానికి పచ్చదీపం చూపింది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగివున్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే సాగుతున్నాయి. ఉర్దూ విద్యార్థి తెలుగు నేర్చినంత మాత్రాన చాలదు. తెలుగు విద్యార్థీ ఉర్దూ వైపు తిరగాలి. వారానికొక గంట పరస్పర భాషాబోధనకు కేటాయించవలసిందిగా కమిటీ పెద్దలకు నా మనవి.