గాలికా, చమురు లేకా?

2011 వేసవిలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో చేరిన పదకొండవ నాటి ఉదయం డాక్టరుగారు ఆయన మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించి, "చేయి ముడవండి" అన్నారు. నాన్నగారు కళ్ళు మూసుకుని ప్రయత్నించారు. నాకైతే ఏమీ కదిలినట్టు కనబడలేదు. డాక్టరుగారు మాత్రం తల పంకించి, కాగితం మీద ఒక అంకె వేసి, "ఫ్లికర్ ఉంది" అని పక్క మంచం వైపు వెళ్ళిపోయారు.

బయట బల్ల మీద అమ్మ కూర్చుని ఉంది. "ఏమన్నారురా?" అంది.

ఆంగ్లంలో చదివినదాన్ని తెలుగులో చెప్పడం నాకు చిన్ననాటి నుంచీ ఇష్టమైన వ్యాపకం. ఆ రోజు ఒక్క మాట చెప్పలేక తడుముకున్నాను. చివరికి, "చేతిలో కాస్త మిణుకుమిణుకుమంటోందట" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "గాలికా, చమురు లేకా?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను పలికిన మాటలోనూ లేదు, డాక్టరుగారు పలికిన మాటలో అంతకన్నా లేదు. దీపం నిలకడగా వెలగడం లేదని ఫ్లికర్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. పుట్టుకతో అది వెలుగుకు చెందిన మాట కూడా కాదు. ప్రాచీనాంగ్లంలో పక్షి రెక్కలు అల్లల్లాడించడాన్ని అలా అనేవారు. దీపానికి ఆ మాట వర్తించడం చాలా తరువాతి సంగతి. తొలినాళ్ళ సినిమాలు తెర మీద అదురుతూ కనబడేవి కనుక, వాడుకలో సినిమాకే ఫ్లిక్ అన్న పేరు వచ్చింది. ఆసుపత్రి వసారాలోని పాత ట్యూబులైటు కూడా ఫ్లికరే. చోకు మీద నడిచే ఆ దీపం, మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక, సెకనుకు 100 మార్లు హెచ్చుతగ్గులవుతుంది. మన కన్ను అంత వేగాన్ని పట్టుకోలేక నిలకడగా ఉందనుకుంటుంది.

మన మాటలు అలా కావు. గాలి తగిలిన దీపం రెపరెపలాడుతుంది. జెండా కూడా, పక్షి రెక్క కూడా అంతే. ఆ ఒక్కచోట మనమూ ఆంగ్లేయులూ ఒకే పక్షిని చూశామేమో! దూరాన ఉన్న నక్షత్రం, గుడ్డిదీపం మిణుకుమిణుకుమంటాయి. తోమిన చెంబు తళతళలాడుతుంది. వత్తి కొసన మసి పేరుకుంటే దీపం కొడిగడుతుంది. ఇక వెలుగు పోయిందనుకోండి, మా ఇంట్లో "ఆరిపోయింది" అనకూడదు, "కొండెక్కింది" అనాలి. రోజూ సంధ్యవేళ దీపం పెట్టేవారికి ఇవన్నీ వేరు వేరు సంగతులు, ఎందుకంటే చేయవలసిన పని వేరు. రెపరెపలాడితే అరచేయి అడ్డం పెట్టాలి. చమురు తగ్గితే పోయాలి. కొడిగడితే మసి దులిపి వత్తిని ఎగదోయాలి.

అమ్మ అడిగినది భాషను గురించి కాదు. ఇప్పుడు తాను ఏం చేయాలని అడిగింది. ఆ వెనుక ఇంకొక భయం ఉందని కూడా నాకు తెలుసు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువన్న సామెత ఆమెకు తెలియనిదా!

లోపలికి వెళ్ళి డాక్టరుగారిని మళ్ళీ అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు అంకెలతో కొలుస్తారు. 1943లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రచురించిన పద్ధతి అది. కండరంలో ఏ చలనమూ లేకపోతే 0. కీలు కదలకపోయినా, కండరం కాస్త బిగిసినట్టు కంటికో వేలికో తెలిస్తే 1. దానికే ఫ్లికర్ అని పేరు. భూమి ఆకర్షణను ఎదిరించి చేయి పైకెత్తగలిగితే 3. పూర్తి బలం 5. "నిన్నటిదాకా సున్నా. ఇవాళ ఒకటి" అన్నారాయన.

తిరిగి వచ్చి, "కొడిగట్టిందమ్మా, చమురుంది" అన్నాను.

"అయితే ఎగదోస్తే సరి" అని అమ్మ లేచి, చెంగుతో ముఖం తుడుచుకుని లోపలికి నడిచింది.

ఆ తరువాత ఎనిమిది నెలలు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు ఆ చేతిని ముడిచి చాపించింది. ఒక్క పూట మానలేదు. 5 రాలేదు. నాన్నగారు మళ్ళీ కలం పట్టి వ్రాయలేదు. కానీ మంచినీళ్ళ గ్లాసు తానే ఎత్తుకుని త్రాగేవారు, కొంచెం ఒలికేది. 2017లో ఆయన వెళ్ళిపోయేదాకా ఆ చేయి ఆ మాత్రం పని చేసింది.

ఇప్పటికీ అనువాదం చేసేటప్పుడు ఆ మాట ఎదురైతే నా కలం ఆగిపోతుంది. నిఘంటువు తెరవబోయే ముందు, మూలంలోని దీపం దగ్గరకు వెళ్ళి అమ్మ ప్రశ్నే అడుగుతాను. అది తెలిసిన తరువాత తెలుగు మాట కోసం ఎన్నడూ వెతుక్కోవలసి రాలేదు.