రివర్స్ గేరులో కొత్త కొలువు

లారీని ముందుకు తోలడంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉండొచ్చు. వెనక్కి పెట్టమన్నప్పుడే ఉంటుంది అసలు తిప్పలు!

హైదరాబాదు నుంచి మేడ్చల్ దాటి యాభై కిలోమీటర్లు వెళితే తూప్రాన్. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైగా సాగే 44వ నెంబరు జాతీయ రహదారి మీది ఊరు. ఒకప్పుడు ఆ రోడ్డు ఏడో నెంబరు. నెంబరు మారినా జనం నోట్లో అది నాగపూర్ రోడ్డే. కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల్, ఆదిలాబాద్... పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. లైను బండి డ్రైవరుకు ఇవన్నీ ఇంటి గుమ్మాలంత పరిచయం.

ఇప్పుడు తూప్రాన్ పక్కనే మరో రకం పని ఉంది. మనోహరాబాద్, కాళ్లకల్ చుట్టూ ఫ్యాక్టరీలు. 2023 జనవరిలో మనోహరాబాద్ దగ్గర ఐటీసీ ఆహార పదార్థాల కర్మాగారం కూడా మొదలైంది. ఫ్యాక్టరీ నుంచి గోదాముకు సరుకు చేరవేయడానికి లోకల్ బండ్లు కావాలి. నెల జీతం, రాత్రికి ఇల్లు. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

దిగాక తెలుస్తుంది లోతు. లైనులో దారి చూపడానికి పక్కన క్లీనరుండేవాడు. ఇక్కడ రెండు అద్దాలే దిక్కు. 'రానీ.. రానీ.. బస్' అని గేటు కుర్రాడు అరుస్తుంటే, ఢిల్లీ దాకా తోలిన మనిషి మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. వెనక క్యూలో నవ్వులు. వారం గడిచేసరికి చెయ్యి తిరుగుతుంది కానీ, ఆ నవ్వులు అంత తొందరగా మర్చిపోలేరు.

కాంటా, గేటు పాసు, హమాలీల భోజనాలు... సగం రోజు కాచుకోవడమే. టెర్మినల్ దగ్గర పదిహేను నిమిషాల లోపు కాచుకుంటే అదీ పనిగంటల్లోకే వస్తుందని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. గోదాము ముందు మూడు గంటలు నిలబడే బండిని అప్పట్లో ఎవరూ ఊహించినట్టు లేదు. సరుకు నగరంలోకైతే మరో చిక్కు. భారీ వాహనాలకు అక్కడ పగలు ఆంక్షలు. రాత్రికి ఇల్లన్న మాట ఆ రోజుకు చెల్లదు.

అసలు కష్టం ఇంట్లో. బత్తాలో మిగిలే డబ్బు ఆగిపోతుంది. ఇంటి భోజనంతో ఖర్చు తగ్గినా లెక్క సరిపోదు. పైగా ఆయన లేని ఇంటిని ఏళ్లతరబడి ఆమె ఒక్కతే నడిపింది. రేషన్, ఫీజులు, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ ఆమె చేతిమీదే. ఇప్పుడాయన గ్యాస్ ఇంత తొందరగా ఎందుకయిందని అడుగుతాడు. ఆమె పలకదు. పిల్లలు టీవీ సౌండు తగ్గిస్తారు. రాత్రి రెండింటికి, లైనులో టీకి ఆగే వేళకి, మెలకువ వచ్చేస్తుంది.

కొందరు నాలుగు నెలలు చూసి మళ్లీ లైనెక్కుతారు. ఉండిపోయినవాళ్లు పొద్దున పిల్లల్ని బడి బస్సెక్కించి, టోల్‌గేటు దగ్గర బారులు తీరిన నాగపూర్ కంటెయినర్లను ఒకసారి చూసి, కాళ్లకల్ వైపు తిరుగుతారు.