"నో" అన్న లైను దగ్గర ఆగుదాం



కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మనవాళ్లు హాస్టల్లో తరచూ అడిగే మాట ఒకటుంది: "కాన్ఫిగర్ రన్ చేస్తే చెకింగ్, చెకింగ్ అంటూ వందల లైన్లు పోతున్నాయి, అదంతా ఏటి?" మా ఇళ్లల్లో ముందు చదివి చెప్పినవాళ్లు లేరు. అందుకే మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఏ సాఫ్ట్‌వేరూ అన్నీ తనే చేసుకోదు. ఫొటో తెరవడానికి ఒక లైబ్రరీ, అక్షరం గీయడానికి ఇంకోటి కావాలి. సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రాం కట్టే ముందు, అవి మన మెషీన్లో ఉన్నాయా అని కాన్ఫిగర్ స్క్రిప్టు వెతుకుతుంది. కొన్నింటికి పీకేజీ-కాన్ఫిగ్‌ని అడుగుతుంది. లైబ్రరీ వెర్షన్, అది ఉన్న చోటు రాసిపెట్టిన చిన్న ఫైలుని చదివి అది జవాబిస్తుంది. కొన్నింటికి స్క్రిప్టే నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి, కంపైల్, లింక్ చేసి చూస్తుంది. కుదిరితే యెస్, లేకపోతే నో.

ఉంటే సరిపోదు, కలవాలి కూడా. మన నౌపడ జంక్షన్ సంగతే చూడండి. 1900లో మొదలైన పర్లాకిమిడి లైను గేజ్ 2 అడుగుల 6 అంగుళాలు, పక్కన మెయిన్ లైను బ్రాడ్ గేజ్. గేజ్ మార్చేదాకా ఇటు పెట్టె అటు పోలేదు. లైబ్రరీ ఉన్నా వెర్షన్ కలవకపోతే అలాగే.

అసలు సంగతి ఇప్పుడు. ఇమేజ్‌మ్యాజిక్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చడానికి రక్మ్ అనే లైబ్రరీ వాడతారు. అది దొరక్కపోయినా కాన్ఫిగర్ ఆగదు. చివరి పట్టికలో "నో" అని వేసి ముందుకు పోతుంది. ప్రోగ్రాం తయారవుతుంది, ఇంగ్లీషు చక్కగా వస్తుంది. టెక్కలి అని రాస్తే మాత్రం రెండో "క" ఒత్తుగా కిందకి పోదు, వరసలోనే నిలబడిపోతుంది. మన సవర వాచకాలు కూడా ఆంధ్రలో తెలుగు లిపిలోనే ఉన్నాయి. అంటే ఆ ఒక్క "నో"తో పోస్టరు మీద మన ఊరి పేరూ, మన భాషా రెండూ విరుగుతాయి. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు!

అలా వస్తే ఏం చెయ్యాలి? ఉబుంటులో లిబ్‌రక్మ్-జీరో ఉంటే నడపడానికి సరిపోతుంది, కట్టడానికి హెడర్లున్న లిబ్‌రక్మ్-డెవ్ కావాలి. అది వేసి కాన్ఫిగర్ మళ్లీ నడపండి. అప్పటికీ నో అంటే కాన్ఫిగ్ డాట్ లాగ్ తెరవండి, కారణం అందులో ఉంటుంది. కట్టాక వెర్షన్ అడిగి, డెలిగేట్స్ వరసలో రక్మ్ ఉందో లేదో చూడండి.

రేపు స్క్రిప్టులు రాసేది మనమే. సీమేక్‌లో ఫైండ్ ప్యాకేజీ పక్కన రిక్వైర్డ్ అని పెడితే, లైబ్రరీ లేనప్పుడు పని అక్కడే ఆగిపోతుంది. ఆగితే ఎవరో ఒకరు చూస్తారు, సరిచేస్తారు. మన అక్షరం ఉంటే ఉంది, లేకపోతే లేదు అనుకునే సరుకు కాదు కదా.

మీ స్క్రీన్ మీద "నో" వచ్చిన లైను ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.