ఎడారిలో హేమంతము

మార్గశిరము ప్రవేశించినది. సార్వా కోతలు ముగిసినవి. దాళ్వాకు నారుమళ్లు సిద్ధమగుచున్నవి. తెల్లవాఱుజామున కాలువగట్టున నిలిచి చూచినచో పొగమంచు కొబ్బరిచెట్ల మొదళ్లను మ్రింగివేసి తలలను మాత్రము విడిచిపెట్టినట్లుండును. మా కోనసీమలో చలి యనగా నింతే. పగలు తొమ్మిది గంటలగునప్పటికి అది యెటు పోయినదో తెలియదు. అయినను ఈ కొలదిపాటి చలి తగులగానే మా యింట ఏటేట నొక పని జరుగును. మా అమ్మ తన యినుపపెట్టె తెఱచి, పెద్ద పెద్ద గులాబిపూవులున్న ఎఱ్ఱని రగ్గు నొకదానిని తీసి, పెరటిలో దండెము మీద పగలంతయు ఎండబెట్టి, సాయంకాలమున మడిచి మఱల పెట్టెలో పెట్టును. తాను కప్పుకొనదు, మమ్ము కప్పుకొననీయదు. నా పిల్లలు చిన్నతనమున దానికై మారాము చేసినను ఇయ్యలేదు. ఆ రగ్గు కువైట్టునుండి వచ్చినది. దానిని గూర్చి వ్రాయవలెనని పదియేండ్లుగా అనుకొనుచున్నాను. ఇంతకాలము వ్రాయలేకపోవుటకు కారణము రగ్గు కాదు, నేనే.

ఫ్రాన్సుదేశపు పల్లెలలో కాపురముండు ఇంగ్లీషువారు తమ దినచర్యను గూర్చి వ్రాసిన పుస్తకములనిన నాకు మొదటినుండియు ఇష్టము. ప్రోవాన్సు సీమలో ఒక యేడాది కాపురమును గూర్చి పీటర్ మేల్ వ్రాసి 1989లో ప్రకటించిన గ్రంథము నాకు రాజమహేంద్రవరమున పాతపుస్తకముల యంగడిలో దొరకినది. ఉత్తరపుగాలికి గొట్టములలో నీరు గడ్డకట్టుట, పొయ్యికి కట్టెలు పేర్చుకొనుట, ఇరుగుపొరుగు రైతుల మాట తెలియక తికమకపడుట, ఇవన్నియు చదువుటకు హాయిగా నుండును. అట్టివారిని ఇంగ్లీషున ఎక్స్‌పాట్రియేట్లందురు. కూలికై దేశము విడిచినవారిని మైగ్రెంట్లందురు. మన భాషలో ఇద్దఱకును ప్రవాసి యను నొక్క మాటయే చాలును. కాని ఆ మాటను మా అమ్మకెవరైనను వాడగా నేను వినలేదు. మా యూరిలో ఆమె పేరు 'కువైట్టు మనిషి'.

విదేశమన్న మాట మాకు క్రొత్తది కాదు. గౌతమి దాటినచో యానాము. 1954 నవంబరు 1వ తేదీన అది భారతదేశపు పాలనలోనికి వచ్చెను. 1962లో ఒడంబడిక చట్టరీత్యా అమలునకు వచ్చినపుడు, కోరినవారు ఆఱునెలలలోపల వ్రాసియిచ్చి ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనుటకు వీలు కల్పించిరి. అట్లు నిలుపుకొన్న కుటుంబములను మా పెద్దలు 'ఫ్రాన్సువారు' అని గౌరవముగా చెప్పుకొనెడివారు. ఏటి కీవలి యొడ్డున మావారి విదేశయానమునకు ఆ గౌరవము దక్కలేదు.

మా నాన్నగారు దింపు తీయువారు. కాళ్లకు బంధము వేసికొని దినమునకు ఎన్ని కొబ్బరిచెట్లైన నెక్కగలవారు. 1992లో చెట్టుమీదినుండి పడిరి. ప్రాణము దక్కినది గాని కాలు దక్కలేదు. అప్పుడు నాకు పండ్రెండేండ్లు, చెల్లెలికి ఏడు. సొంతభూమి లేదు, వైద్యమునకు చేసిన అప్పున్నది. మఱుసటి యేట మా అమ్మ పుస్తెలు కుదువబెట్టి ఏజెంటునకు సొమ్ము కట్టి కువైట్టు పోయెను. అంతకు మూడేండ్ల క్రిందట, 1990 ఆగస్టు 2న, ఇరాకు సేనలు ఆ దేశము మీద పడినపుడు సుమారు 1,70,000 మంది భారతీయులను మనవారు విమానములలో చేరవేసిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. యుద్ధము ముగిసి పొగ యారగానే మఱల పోవుట మొదలైనది. కాలే కడుపునకు చరిత్ర జ్ఞాపకముండదు.

అలంకారశాస్త్రము చదువునపుడు అష్టవిధనాయికలలో ప్రోషితభర్తృకను గూర్చి చదివితిని. భర్త దేశాంతరమేగగా ఇంట కృశించు స్త్రీ యామె. భార్య దేశాంతరమేగగా ఇంట నిలిచి గంజి కాచి, కఱ్ఱ ప్రక్కన పెట్టుకొని కూరుచుండి, కూతునకు రెండు జడలు వేయు పురుషునకు ఆ పట్టికలో చోటు లేదు. మా నాన్నగారు వేసిన జడలు మొదట వంకరగా నుండెడివి. ఆఱునెలలకు మా వీధిలో అంత చక్కని జడలు మఱియొకరు వేయలేదు. వీధిలోనివారు నవ్విరి. ఆయన మాఱు పలుకలేదు. జడ మాత్రము మానలేదు.

అమ్మకు చదువు రాదు. కావున ఉత్తరములు కాదు, టేపు కాసెట్లు వచ్చెడివి. సెలవు మీద వచ్చు వారెవరో తెచ్చి యిచ్చెడివారు. మేమందఱము టేపురికార్డరు చుట్టు కూరుచుండెడివారము. సగము సేపు అమ్మ గొంతు, సగము సేపు ఏవో గిన్నెల చప్పుడు. పని చేయుచునే మాటలాడెడిది కాబోలు. ఇంటిపనివారిని అచ్చట ఖద్దామా యందురనియు, యజమానురాలిని మామా యని పిలువవలెననియు, తన పాస్‌పోర్టు వారి బీరువాలో నున్నదనియు ఆ కాసెట్ల వలననే తెలిసినది.

ఎడారి యనగానే మనకు ఎండ తోచును. కువైట్టు వేసవి ఏబది డిగ్రీలు ముట్టుట నిజమే. కాని పుష్యమాసపు రాత్రులందు ఊరి వెలుపల ఇసుకనేలలపై అది అయిదాఱు డిగ్రీలకు దిగుటయు కద్దు. వేసవిలో తలుపులు మూసికొని బ్రతికినవారికి ఆ చలియే పండుగ. అక్టోబరు నడుమ మొదలగు వానల కాలమును వారు వస్మ్ అందురు. ఆ వానలు సకాలమున కురిసినచో ఇసుక క్రింద ఉర్లగడ్డను బోలిన యొక పుట్టగొడుగు పుట్టును. దానిని త్రవ్వి తెచ్చి వండుకొనుట వారికి మహాప్రీతి. కుటుంబములకు కుటుంబములు ఎడారిలో గుడారములు వేసికొని వారముల తరబడి గడపుదురు. ఈనాడు అందులకు నవంబరు నడుమ నుండి మార్చి నడుమ వరకు పురపాలకులు అనుమతి నిత్తురు. నిప్పు చుట్టు కూరుచుండి కహ్వా త్రాగుచు చెప్పుకొను కబుర్లు, ఆకాశము నిండ నక్షత్రములు. ఇంగ్లీషు రచయిత చేతికి చిక్కినచో చక్కని అధ్యాయమగును.

ఆ అధ్యాయమున నీళ్లు మోయువారెవరు? ముప్పదిమంది అతిథులకు అన్నము వండి, ఆ జిడ్డు గిన్నెలను గడ్డకట్టు నీటితో ఇసుకలో కూరుచుండి తోమువారెవరు? ఊరిలోని యింట నున్నంతకాలము పనికొక హద్దుండెడిది, గోడలే హద్దు. గుడారమునకు గోడలు లేవు. అమ్మ యొక కాసెట్టులో నన్న మాట నాకిప్పటికిని వినబడును. "ఇక్కడ చలికి వేళ్లు పగిలిపోతున్నాయి. మన గోదారి నీళ్లు పొద్దున్నే వెచ్చగా ఉంటాయి కదరా, అవి తల్చుకుంటా చేతులు పెడతన్నాను."

1996 నవంబరు 6వ తేదీ రాత్రి మా సీమ మీద తుపాను విఱుచుకొనిపడెను. వేయిమందికి పైగా చనిపోయిరి. కొబ్బరితోటలు తోటలుగా నేలవ్రాలినవి. తెల్లవాఱి చూచినచో ఊరు బట్టతల వలె నుండెను. మా యింటి కప్పు ఎగిరిపోయినది గాని మేము మువ్వురము బ్రతికితిమి. అక్కడ మా అమ్మ యజమాని యింట టెలివిజనులో ఆ దృశ్యములను చూచినదట. తంతితీగెలు తెగినవి, మా క్షేమము ఆమెకు పదునెనిమిది దినములవఱకు చేరలేదు. ఆ పదునెనిమిది రాత్రులు ఆమె ప్రక్కన కూరుచున్నది అదే యింట పనిచేయు సింహళ స్త్రీ యొకతె. ఆమెకు తెలుగు రాదు, మా అమ్మకు సింహళము రాదు. ఉన్నవి వంటింటి అరబ్బీ మాటలు నాలుగు. ఎఱ్ఱ రగ్గు అప్పటిది. ఇద్దఱును చందా వేసికొని కొనినది; గుడారములకు పోయినపుడు ఇద్దఱును దానినే కప్పుకొనెడివారు.

ఆ జనవరిలో నొక రాత్రి యజమాని బిడ్డకు జ్వరము వచ్చినదని అమ్మను పెద్ద గుడారమునకు పిలిచిరి. సింహళ స్త్రీ చలికి తాళలేక ద్వారము మూసి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకొని పరుండెను. మూసిన చోట బొగ్గు కాలునపుడు పుట్టు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు చేరవలసిన చోట అది చేరి కూరుచుండును. నిద్రించువారికి మెలకువ రాదు. తెల్లవాఱి అమ్మ పోయి రగ్గు తీసి చూచెను.

ఈ సంగతి ఏ కాసెట్టులోను లేదు. 2007లో పదునాలుగు చలికాలములు గడపి తిరిగి వచ్చిన తరువాత, నా పిల్లలు రగ్గుకై యేడ్చిన దినమున చెప్పెను.

ఇక నా సంగతి. ఆమె పంపిన సొమ్ముతోనే నేను సంస్కృతము చదివితిని, ఇంగ్లీషు చదివితిని. దింపు తీయువాని కొడుకు కాళిదాసును చదువుట కొందఱకు వింతగా నుండెను. ఆ వింతయే చాలునని యనుకొంటినో యేమో, తల్లి యెచ్చట నున్నదని యడిగిన వారికి హైదరాబాదులో ఒక కార్యాలయమున నున్నదని చెప్పెడివాడను. ఒకనాడు తరగతిలో ప్రోషితభర్తృక ప్రసక్తి రాగా నొక సహాధ్యాయి మా ప్రాంతపు స్త్రీలను గూర్చి, కువైట్టును గూర్చి ఒక కారుకూత కూసెను. అందఱు నవ్విరి. నేనును నవ్వితిని. ఇట్లు వ్రాయుట తేలిక. ఆ నవ్వు నా నోటినుండి వచ్చునప్పటి ధ్వని నాకు జ్ఞాపకమున్నది. స్త్రీవిద్యను గూర్చి, స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి నేను పలుసభలలో ఉపన్యసించితిని. ఎక్కడను నా తల్లి ఏమి పని చేసి నన్ను చదివించినదో చెప్పలేదు.

ఈ డిసెంబరు మొదటివారమున మా బడిలో తల్లిదండ్రుల సమావేశము జరిగెను. పదవ తరగతి బాలిక యొకతె, రాజోలు వైపు పల్లెనుండి వచ్చి చదువుకొనునది, ఒక కుర్చీ లాగి దానిపై తన పుస్తకములు పేర్చి, వానికి ఫోను ఆనించి నిలిపెను. "అమ్మ వచ్చిందండి మాస్టారూ" అనెను. మనకు పదిన్నర, అక్కడ ఎనిమిది గంటలు. తెరమీద తలకు గుడ్డ చుట్టుకొన్న స్త్రీ ముఖము, వెనుక గుడారపు బట్ట గాలికి కొట్టుకొనుట కనబడుచుండెను. వెనుక వరుసలో ఎవరో 'కువైట్టు' అని గుసగుసలాడి నవ్విరి. ఆ నవ్వు నేనెఱిగినదే.

తక్కిన తల్లులతో మాటలాడినట్లే ఆమెతోను మాటలాడితిని. లెక్కలలో వెనుకబడినదంటిని. ఆమె గొంతు తగ్గించి, "ఆయ్, మాస్టారూ, మా అత్తగారు దీనికి సంబంధం చూస్తన్నారండి. మీరొక్క మాట చెప్పండి. పది పాసవ్వాలండి. పాసయ్యుంటే నా పాస్‌పోర్టు మీద ఆ ముద్ర ఉండేది కాదండి, నేనిక్కడికి వచ్చేదాన్నీ కాదండి" అనెను. పదవ తరగతి నెగ్గనివారు కూలికై ఆ దేశములకు పోవలెనన్న ప్రభుత్వపు వలస అనుమతి కావలయును; నెగ్గినవారికి అక్కఱలేదు. మా బడి యిచ్చు కాగితమునకు అంత దూరపు బలమున్నదని నేనెన్నడు నాలోచింపలేదు. 2015లో ఆ దేశమున ఇంటిపనివారికై యొక చట్టము వచ్చినది. దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొకదినము సెలవనియు, పాస్‌పోర్టు యజమాని యుంచుకొనరాదనియు అందున్నది. సెలవున్నదా యని యడిగితిని. ఆమె నవ్వెను. "ఊళ్లో ఉంటే ఉంటదండి. ఇది డేరా కదండి."

అప్పుడు నేను లేచి, వెనుక వరుసవారికి వినబడునట్లు, "మా అమ్మకూడ ఆ డేరాలలో పదునాలుగేండ్లు వండినది. నన్ను చదివించినది ఆ సొమ్మే" అని చెప్పితిని. నలువదియైదేండ్ల వయస్సులో మొదటిసారి. నాయనమ్మ ప్రక్కనే యున్నది; పెండ్లిమాట యప్పటికి ఆగినది. పరీక్షలవఱకు ఆగునో, తరువాతను ఆగునో చూడవలెను. మార్చిలో ఒకసారి వారి యింటికి పోయి వత్తును.

ఆ వార్త నాకంటె ముందు మా యింటికి చేరినది. అమ్మ పెరటిలో రగ్గు మడుచుచుండెను. "బళ్లో చెప్పావంటగా" అనెను. చెప్పితినంటిని. "ఇంకొంచెం ముందు చెప్పుంటే మీ నాన్న వినేవోడు" అని పెట్టె మూసెను. నాన్నగారు పోయి పదునాలుగేండ్లైనది.

కొంతసేపటికి, "ఆ అమ్మాయికి ఫోను కలుపు" అనెను. పనులు ముగిసి ఆమె మాటలాడుటకు వీలగునప్పటికి ఇక్కడ రాత్రి ఒంటిగంటన్నర. అమ్మ నిద్రపోలేదు. పరామర్శ లేమియు లేవు.

"అమ్మాయ్, రాత్రి కుంపటి ఎక్కడ పెడతన్నారు?"

"లోపలేనండి. చలికి ఉండలేకపోతన్నామండి."

"వద్దు. బైట పెట్టు. ఎంత చలేసినా బైటే. రెండు దుప్పట్లు కలిపి కప్పుకోండి. నీ పక్కన ఎవరు పడుకుంటారు?"

"ఇథియోపియా పిల్లండి. చిన్నపిల్ల. మాట తెలీదండి."

"అరబ్బీ వస్తది కదా. ఫహమ్ బర్రా అని చెప్పు. బొగ్గు బైట. ఇప్పుడే లేపి చెప్పు, నేను వింటాను."

ఫోనులో గుడ్డ కదలిన చప్పుడు, ఎవరినో లేపిన చప్పుడు వినబడెను. పిమ్మట నిద్రమత్తుతో నొక చిన్న గొంతు ఆ రెండు మాటలను అనెను. అమ్మ మఱియొకసారి అనిపించెను.