నాన్న గాలి ట్యాంకు

చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. ఆటోనగర్‌లో నాన్న షెడ్డుకి మాత్రం ఇప్పటికీ ఇంజినీర్ని నేనే.

"ఒరేయ్, బ్లాస్టింగ్ గన్ను నిమిషం దాటితే ప్రెషర్ దిగిపోతోంది. లోన్ పెట్టి పెద్ద కంప్రెసర్ తీసుకోనా?"

మీటింగ్‌లో ఉన్నా. తీసేసుకోండి అనేశా. రాత్రి నిద్ర పట్టలేదు. పోయినసారి పెట్టిన అమ్మ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. లెక్క కూడా వేయకుండా చెప్పేశానే!

శనివారం విజయవాడ బస్సెక్కా. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని గన్ను పక్కన నిలబడ్డా. గన్ను నిమిషానికి సుమారు 1,500 లీటర్ల గాలి లాగుతోంది. మా 10 హెచ్‌పీ కంప్రెసర్ ఇచ్చేది 1,000. లోటు 500. ప్రెషర్ 8 బార్ నుంచి 6కి దిగేదాకా పని నడుస్తుంది. ఒక్కో బార్ దిగినప్పుడల్లా ట్యాంకు దాదాపు తన సైజంత గాలి బయటికిస్తుంది. మాది 250 లీటర్లది, రెండు బార్లకి 500. అంటే సరిగ్గా నిమిషం. నాన్న ఫోన్‌లో చెప్పిందే!

రిమ్ముకి రెండు నిమిషాల పని, మార్చడానికి ఇంకో రెండు. 500 లీటర్ల ట్యాంకు పెడితే చాలు, ఆ గ్యాప్‌లో మళ్లీ నిండిపోతుంది. గన్ను ఆపకుండా కొట్టే పనైతే ఎంత ట్యాంకైనా దండగే. ట్యాంకు గాలిని దాస్తుంది, పుట్టించదు కదా.

"మరి ఆ రోజు తీసేసుకోమన్నావు?" అన్నారు నాన్న, ట్యాంకు అడుగున కాక్ తిప్పి నీళ్లు వదులుతూ.

నేను స్టాప్‌వాచ్ ఆపి ఫోన్ జేబులో పెట్టుకున్నా.