బూడితి కంచుపని

శ్రీకాకుళమునకు రైలుపై పోవువారు ఆమదాలవలసలో దిగవలయును. అచ్చటినుండి రోడ్డు మార్గమున సారవకోట మండలములోని బూడితి గ్రామము చేరవచ్చును. కంచు, ఇత్తడి పాత్రలకు ఆ యూరు పేరుపొందినది. వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మా వదినగారును నేనును ఆ పనితనము చూడవలెనని బయలుదేరితిమి.

దారిలో ఒక హోటలున ఇడ్డెనలు కట్టించితిమి. హోటలువాడు కుతకుతలాడు సాంబారును పలుచని ప్లాస్టిక్ సంచిలో పోసి దారముతో బిగించెను. చేత బట్టగానే సంచి మెత్తబడెను. వదినగారు రసాయనశాస్త్రము బోధించినవారు. ఆమె దానిని పుచ్చుకొనక, మా వెంటనున్న స్టీలు క్యారియరు గిన్నెలో మరల పోయించుకొనిరి.

బస్సులో ఆమె చెప్పిన మాటలు సోదరీమణులు వినదగినవి. ప్లాస్టిక్ అనునది ఒక్క పదార్థము గాదు. పొడుగైన అణుమాలికల నడుమ, మెత్తదనమునకును, రంగునకును, ఎండకు చెడకుండుటకును కలిపిన చిన్న అణువు లుండును. అవి మాలికలకు గట్టిగా అంటియుండవు. వేడి తగిలిన కదలును. నూనెలోనికిని పులుపులోనికిని దిగును. ఎంత సేపు నిలువయున్న అంత యెక్కువగా దిగును. మంచి పాలిథీనులో మెత్తపరచు ద్రవ్యములు అంతగా నుండవట. కాని హోటలువాని సంచి క్రొత్తదో, కరగించి మరల చేసినదో యెవ రెరుగుదురు? మన దేశమున 2018లో వచ్చిన నిబంధనల ప్రకారము ప్లాస్టిక్ పాత్రనుండి కిలో ఆహారములోనికి దిగు ద్రవ్యములన్నియు కలిసి 60 మిల్లీగ్రాములకు మించరాదు. గాజువలె మెరయు గట్టి ప్లాస్టిక్కులోని బిస్ఫినాల్ ఏ యను ద్రవ్యము శరీరములోని హార్మోనులవలె నటించును గనుక, పాలసీసాలలో దానిని ఐరోపా సమాజము 2011లోను, అమెరికా 2012లోను నిషేధించినవి.

బూడితిలో మేము చూచిన కొలిమి ఇంటి ముంగిటనే యున్నది. రాగియు తగరమును కలిసిన కంచు ఎఱ్ఱగా కరగుచుండ, ఒక యువకుడు కన్నార్పక దాని రంగు చూచుచుండెను. పోత పోసి చల్లారిన చెంబు మొదట నల్లగా, మోటుగా నుండును. దానిని గీకి, తోమి, నునుపుచేసిన పిమ్మట బంగారు చాయ బయటపడును. ఆ గీకుడు పనియే మిక్కిలి శ్రమ. చేతులు నల్లబడును, నడుము పట్టివేయును. ధర యడుగువారికి ఇది కనబడదు!

ఆ యింటి పెద్దమ్మ మాకు మజ్జిగ యిచ్చుటకు వంటింటిలోనికి పోయెను. తలుపునుండి చూడగా గూటిలో ఆవకాయ యున్నది. జాడీలో గాదు, గీతలుపడిన రంగుల ప్లాస్టిక్ డబ్బాలో! ఉప్పు, పులుపు, నూనె మూడును నెలల తరబడి దానిలోనే. "ఇన్ని గిన్నెలు చేయుదురు, మీ కొక్కటి యుంచుకొనరా?" అని నేనడిగితిని.

"ఈ సెంబు అమ్మితేనే మాకు కూడమ్మా. ఇంట్లో ఎట్టుకుంటే తినేదేటి?" అని ఆమె నవ్వెను.

అయినను ఆవకాయకు కంచుగాని ఇత్తడిగాని తగదు. పులుపు తగిలిన రాగి ఆహారములోనికి దిగును, చిలు మెక్కును. అందుకే పెద్దలు చారు కాచు ఇత్తడి గిన్నెకు కళాయి వేయించెడివారు. గిన్నె కాచి, నవాసారము చల్లి, తగరము పూయవలెను. ఆ తగరములో సీసము కలిపినచో రోగమును డబ్బిచ్చి కొన్నట్లే. ఊరగాయకు జాడీ, గాజు సీసా మేలు. పప్పులు, ఉప్పు వంటి పొడివస్తువులకు ప్లాస్టిక్ డబ్బా అంత భయపడదగినది కాదు.

వదినగారు ఇదియంతయు ఆ పెద్దమ్మకు నెమ్మదిగా చెప్పిరి. ఆమె శ్రద్ధగా విని, "జాడీ వుండీదమ్మా, మనవడు పగలగొట్టీసినాడు" అనెను. మేము రెండు చెంబులు బేరమాడక కొంటిమి. ఆ సొమ్ములోనుండి ముందుగా జాడీ కొందునని ఆమె కొడుకు మాట యిచ్చెను. సంతకు పోవునది తానే గనుక తానే కొందునని కోడలు లోపలినుండి పలికెను.