పాత రణాకాశంలో నూతన వైమానికుడు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన హైటెక్ క్రియేషన్స్ అనే చిన్న సంస్థ 2000వ సంవత్సరంలో ‘ఏసెస్ హై’ అనే ఆకాశయుద్ధ క్రీడను అంతర్జాలంలో ప్రారంభించింది. రెండవ ప్రపంచ సంగ్రామం నాటి విమానాలు. చదరంగపు పావుల పేర్లు ధరించిన మూడు పక్షాలు, అనగా బిషప్పులు, నైట్లు, రూకులు. వీరందరికీ ఒకే రణాకాశం. నెలసరి చందా చెల్లించి ఆడవలసిన క్రీడ ఇది. తొలినాటి నుండి ఎగురుతున్నవారు ఇంకా ఉన్నారు. కరువైనది కొత్తవారు.

దృశ్యాలు పాతబడ్డాయని, వార్ థండర్ వంటి ఉచిత క్రీడలు వచ్చాయని కారణం చెబుతారు. అది అసత్యం కాదు. అయితే వచ్చినవాడు ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నకు అది సమాధానం కాజాలదు. అందుకు వాని తొలి సాయంకాలాన్ని చూడాలి.

నూతనుడు సహజంగానే యుద్ధం ముమ్మరంగా సాగుతున్న స్థావరాన్ని ఎంచుకుంటాడు. చక్రాలు నేలను వీడకముందే విమానం దగ్ధమవుతుంది. రన్‌వేపై పొంచి ఉండి ఇలా కూల్చడాన్ని వారి పరిభాషలో ‘వల్చింగ్’ అంటారు. రాబందు అనే అర్థమున్న ఆంగ్లపదం నుండి పుట్టిన మాట. రెండవ పర్యాయం వెనుకనున్న స్థావరం నుండి లేచి, పది నిమిషాలు పైకి ఎక్కి, ఇంకా ఎత్తు నుండి దూకిన శత్రువు చేతిలో రెండు క్షణాలలో కూలిపోతాడు. ఎత్తు అనేది దాచుకున్న ధనమని, దానిని వేగంగా మార్చుకోవచ్చునని వానికెవరూ చెప్పలేదు. విమానం పట్టు తప్పకుండా ఉండేందుకు ‘స్టాల్ లిమిటర్’ అనే రక్షణ ఉంటుంది. అది గిరికీలు కొట్టి పడిపోకుండా కాపాడుతుంది గాని, తీవ్రమైన మలుపును కూడా అడ్డుకుంటుంది. దానిని తొలగించుకున్న అనుభవజ్ఞుడు లోపలి నుండి మలుపు తిరిగి వెనుకకు చేరుతాడు. రక్షణగా ఇచ్చినదే బంధనమైనదని బాధితునికి తెలియదు.

“మేమూ చచ్చి చచ్చే నేర్చుకున్నాం” అని వృద్ధవీరుల వాదం. ఇక్కడ ఒక మరపు ఉన్నది. వీరిలో కొందరు అంతకుముందు కెస్మాయ్ సంస్థ నిర్మించిన ‘ఎయిర్ వారియర్’లో గంటల లెక్కన రుసుము చెల్లించి ఎగిరినవారు. ఆనాడు అందరూ అనభిజ్ఞులే. తమను కూల్చినవాడు కూడా తమంతటి వాడే. నేటి నూతనుని ఎదుట నిలిచినది రెండు దశాబ్దాల అభ్యాసం. ఘనాపాఠి తొలిరోజు బాలుని ముందు ఘన చెప్పడు. ఒక్క పాదం పలికి, రెండుసార్లు సంత చెప్పిస్తాడు.

శిక్షణ లేదనడం అన్యాయం. ప్రత్యేక శిక్షణారంగం ఉంది, స్వచ్ఛందంగా నేర్పే గురువులూ ఉన్నారు. కాని నూతనుడు జనమున్న చోటికే పోతాడు. గురువే అక్కడికి వెళ్ళాలి. బలానికి హద్దు విధించడం కూడా ఈ క్రీడకు అపరిచితం కాదు. సంఖ్యాబలం మించిన పక్షానికి శ్రేష్ఠమైన విమానాలు అందవు. జర్మనీ జెట్ విమానమైన మె-262ను ఎక్కాలంటే ముందుగా ‘పెర్క్’ అంకాలు ఆర్జించాలి. ఆ అంకాలలో కొన్నింటిని, శిష్యుని క్షేమంగా దింపిన వానికి ఎందుకు ఇవ్వరాదు? ఏ స్థావరం నుండి లేవాలి, ఎంత ఎత్తు ఎక్కాలి, ఎప్పుడు పారిపోవాలి: తొలి రాత్రికి ఈ మూడు చాలు. మూడవది మరీ ముఖ్యం, ఎవరూ చెప్పనిదీ అదే.

చందాలు తగ్గి సర్వర్ ఆగిన నాడు పదివేల విజయాలున్న వాడు కూడా ఒంటరిగా ఎగురలేడు. ఎయిర్ వారియర్ కూడా 2001లో మూతపడింది.

అందుకని కొందరు పాతవారు ఇప్పుడు గురి కుదిరినా తుపాకీ మీట నొక్కరు. ప్రక్కకు తప్పుకొని, “ఇప్పుడు నీవు” అని వెనుకనున్న వానికి చెబుతారు. వాడు పది గుళ్ళు వృథా చేస్తాడు, శత్రువు తప్పించుకుంటాడు. ఇద్దరూ తిరిగి వచ్చి, ఒకరి వెంట ఒకరు, ఒకే రన్‌వేపై దిగుతారు.